క్రిస్మస్‌కి రోజుకో పేజీ ఆల్బమ్: చేత్తో చెయ్యాలని ఉంది, సలహా చెప్పండి

కొర్లగుంట కోడలు
2024 నవంబరు 22, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోకి మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తా, మిక్సీ, పిల్లల పుస్తకాలు అటక మీదికి ఎక్కించాం. మంచం కింద రేకుపెట్టె ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు. అందులో మా అత్తమ్మ ఆల్బమ్‌లు మూడు. నీళ్ళు తీశాక తెలిసీ తెలియక అలాగే ఎండలో పెట్టాం. ఎండాక ఒక్కో ఆల్బమ్ ఇటుకలాగా గట్టిపడింది. విడిగా చేతికొచ్చినవి ఏడు ఫోటోలు. ఆమె ఏమీ అనలేదు. ఇప్పటికీ అనదు. అదే నాకు బాధ.

పోయినవాటిలో ఎక్కువ క్రిస్మస్ ఫోటోలే. అందుకని ఈ డిసెంబరు 1 నుంచి 25 దాకా రోజుకో పేజీ చొప్పున చేత్తో ఒక ఆల్బమ్ చేసి ఆమెకు ఇవ్వాలని అనుకున్నా. ఆన్‌లైన్‌లో రెడీమేడ్ స్క్రాప్‌బుక్‌లు చూశా. ధర సంగతి అటుంచండి, పేజీ తిప్పితే మంచు మనిషి, మంచు ఇల్లు, మంచు జింక. మా పిల్లలు మంచు చూసింది ఫ్రిజ్‌లోనే.

నాకు ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. రోజూ పేజీ చెయ్యడం కుదిరే పనేనా? ఏ కాగితం, ఏ గమ్ము? రోజూ రాయడానికి ఏముంటుంది? ఇంతకు ముందు చేసినవాళ్ళు చెప్పండి.


తిక్క ప్రశ్న
నవంబరు 22, రాత్రి 11:05

ఫోన్‌లో ఫోటోలన్నీ తారీకులతో సహా దాచిపెడుతుంటే ఈ కత్తెరా గమ్మూ ఎందుకండీ? మీ ఆల్బమ్ పోయిందీ కాగితం కాబట్టే కదా.


మిట్టూరు పిల్ల
నవంబరు 22, రాత్రి 11:20

పేరుకు తగ్గట్టే అడిగారు. మా అమ్మ ఫోన్‌లో పన్నెండు వేల ఫోటోలున్నాయి. అందులో సగం గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు. ఎప్పుడైనా వెనక్కి వెళ్ళి చూసిన పాపాన పోలేదు.

అక్కా, మీరు చెయ్యండి. నేనూ మొదలుపెడతా. నా దగ్గర స్టిక్కర్లు బోలెడున్నాయి, కావాలంటే పంపుతా. మంచు మనిషివే :)


పాత అట్ట
నవంబరు 23, ఉదయం 6:15

అమ్మా, నేను చిత్తూరులో ముప్పై ఏళ్ళకు పైగా బైండింగ్ పని చేసినాను. ఇప్పుడు చెయ్యి వణుకుతా ఉంది, అందుకని నోటితో చెప్తున్నాను, మనవరాలు టైపు చేస్తుంది.

ముందుగా బైండు చేసిన పుస్తకం కొనొద్దు. కారణం చెప్తాను. నువ్వు ఫోటో అతికిస్తావు, దాని పక్కన గుడ్డముక్క, రిబ్బను, ఇంకేదో. ఒక్కో పేజీ రెండు మూడు పేజీలంత మందమవుతుంది. వీపు మాత్రం మొదట ఎంత కుట్టారో అంతే ఉంటుంది. పదో పేజీకి పుస్తకం నోరు తెరుస్తుంది, ఇరవయ్యో పేజీకి వీపు పగులుతుంది. పెళ్ళి ఆల్బమ్‌లు ఇట్లా పగిలి నా దగ్గరికి ఎన్ని వచ్చినాయో లెక్క లేదు.

దీనికి మందు గార్డులు. అంటే వీపు దగ్గర పేజీకి పేజీకి మధ్య అంగుళం వెడల్పు అట్టపట్టీ పెట్టడం. పట్టీ మందమే నీ ఫోటోకి చోటు.

లెక్క ఇదీ. డ్రాయింగ్ షీటు ఫుల్ సైజు 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉంటుంది. మందంగా ఉండేది అడుగు, రెండొందల జీఎస్ఎంకి (కాగితం బరువుకు కొలత అది) తగ్గకుండా. ఒక షీటును ఎనిమిది ముక్కలు చేస్తే 11 బై ఏడున్నర పేజీలు ఎనిమిది వస్తాయి. నాలుగు షీట్లకు 32 పేజీలు. ఇరవై ఐదు రోజులకు పోను ఏడు మిగులుతాయి, అవి చెడిపోయినవాటికి. అయిదో షీటును అంగుళం వెడల్పు, 11 అంగుళాల పొడవు పట్టీలుగా కోస్తే సరిగ్గా అరవై వస్తాయి. పేజీకి ఒకటి పెట్టు, మందంగా ఉన్న పేజీకి రెండు పెట్టు. అయిదు షీట్లలో పుస్తకం అయిపోయింది.

పైకీ కిందికీ రెండు అట్టలు. ఆఫీసు ఫైళ్ళకు పంచింగ్ మిషన్‌తో రెండు రంధ్రాలు వేసి ట్యాగు దూరుస్తారే, అట్లాగే దూర్చు. నెలంతా పేజీలు విడిగా ఉంచుకో, పాడైంది తీసిపారెయ్, ఇరవై ఐదు దాటినాక గట్టిగా కట్టు. ట్యాగు కాబట్టి ఎప్పుడైనా విప్పొచ్చు.


కొర్లగుంట కోడలు
నవంబరు 23, ఉదయం 8:50

పెద్దాయనా, మీకు దండం. ఈ సాయంత్రమే గాంధీ రోడ్డుకు పోయి షీట్లు తెస్తా. గమ్ము సంగతి చెప్పలేదు. మా ఆయన తెల్ల గమ్ము డబ్బా ఉంది చాలంటున్నాడు. పాతకాలంలో మైదాతో కాచేవాళ్ళట కదా?


పాత అట్ట
నవంబరు 23, మధ్యాహ్నం 1:30

తెల్ల గమ్ములో నీళ్ళుంటాయి. ఫోటో వెనకంతా పూస్తే కాగితం ఉబ్బి, ఆరినాక ముడతలు పడుతుంది. అది అట్టకు, గుడ్డకు వాడు.

మైదా జిగురు మేము కాచినాము. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాళ్ళం. మైలుతుత్తం విషం తల్లీ, పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఫోటోకి గమ్మే వద్దంటాను. పాత పోస్టు కవర్లు ఉంటే వాటి నాలుగు మూలలు కత్తిరించు. ఒక్కోటి చిన్న టోపీలాగా వస్తుంది. ఫోటో నాలుగు మూలలకూ తొడిగి, ఆ టోపీని మాత్రం పేజీకి అతికించు. రేపు ఫోటో బయటికి తీయాలంటే చిరగదు. సెల్లోటేపు మాత్రం చచ్చినా వాడొద్దు, పసుపు మరక మిగిల్చి ఊడిపోతుంది. స్టేప్లర్ పిన్ను తుప్పు పడుతుంది.


ల్యాబ్ అన్న
నవంబరు 23, రాత్రి 9:10

తిరుపతిలో ఫోటో ప్రింటింగ్ చేస్తుంటాను. రెండు మాటలు.

అందరూ 4 బై 6 అడుగుతారు. ఫోన్‌లో ఫోటో కొలత మామూలుగా 4కి 3. ప్రింటు కొలత 3కి 2. రెండూ కలవవు కాబట్టి మిషన్ పైనో కిందో కోసేస్తుంది. గ్రూప్ ఫోటోలో వెనక నిలబడ్డ మామయ్య తల పోయేది ఇక్కడే. తర్వాత మమ్మల్ని తిట్టుకుంటారు. ‘కొయ్యకుండా తెల్ల బార్డరుతో వెయ్యండి’ అని చెప్పండి, చాలు. ఆ తెల్ల చోటులో రాసుకోవచ్చు కూడా.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే కుదించుకుపోతుంది.

ఇంట్లో ఇంకు ప్రింటరు ఉందని దాంతోనే కానివ్వకండి. చాలా ప్రింటర్లలో సిరా తడి తగిలితే కారిపోతుంది. ఒక్కసారి మునిగిన ఇల్లు మీది.

ఇంకోటి. బస్సు టికెట్లు, బేకరీ బిల్లులు అతికిస్తారు కదా. మిషన్‌లోంచి వచ్చే టికెట్టులో సిరా ఉండదు, వేడికి నల్లబడే కాగితం అది. కొన్నాళ్ళకు అక్షరాలన్నీ మాయం. జెరాక్స్ తీసి అది అతికించండి.


మిట్టూరు పిల్ల
నవంబరు 23, రాత్రి 9:40

అయ్యో అన్నా, మా పెళ్ళి నాటి రైలు టికెట్టు అనుకుని నేను దాచుకున్న తెల్ల కాగితం సంగతి ఇదా!


పలమనేరు టీచరమ్మ
నవంబరు 24, మధ్యాహ్నం 3:00

ఈ ఏడు మీకు భలే కుదిరింది. అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. మొదటిది నవంబరు 27 నుంచి డిసెంబరు 3 లోపు ఏ రోజైనా పడొచ్చు. ఈసారి సరిగ్గా డిసెంబరు 1. మీ ఒకటో పేజీ, చర్చిలో ఆదివారానికొకటి వెలిగించే కొవ్వొత్తుల్లో మొదటిది ఒకే రోజు.

ఏం రాయాలి అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మా పక్క పాత చర్చిలు చాలావరకు ఆర్కాటు మిషన్ కాలం నాటివి. 1853లో అమెరికన్ మిషనరీలు స్కడర్ సోదరులు మొదలుపెట్టిన మిషన్ అది. మా అవ్వ ఆ బోర్డింగ్ స్కూల్లో చదివింది. అప్పట్లో క్యారల్స్‌కి ఎద్దులబండి మీద పోయేవాళ్ళట, ముందు ఒకడు పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని. లైటు మోసినవాడికి పాట రాకపోయినా అందరికంటే ఎక్కువ కజ్జికాయలు దక్కేవట. ఇలాంటివి ఫోటోలో ఉండవు, అడిగితేనే వస్తాయి. మీ తిరుపతిలో లూథరన్ చర్చి పెద్దలున్నారు, మీ అత్తమ్మ ఏ చర్చి?


కొర్లగుంట కోడలు
నవంబరు 24, సాయంత్రం 6:20

లూథరనే మేడం. ఆమె పుట్టిల్లు కాళహస్తి దగ్గర పల్లె. అన్నట్టు అక్కడి కలంకారీ గుడ్డ ముక్క ఇంట్లో ఉంది, దాన్ని పై అట్టకు వేస్తున్నా. చెట్టూ చిలకలూ ఉన్న ముక్క. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కరక్కాయ వాసన.


నిద్రలేని నర్సు
నవంబరు 25, తెల్లవారుజామున 3:35

డ్యూటీలో ఉన్నాను, ఇప్పుడు కాస్త ఖాళీ దొరికింది. ఇల్లు చిత్తూరు, పని వేలూరులో. రెండేళ్ళుగా డిసెంబరు ఆల్బమ్ చేస్తున్నా. మొదటి ఏడు ఆరో రోజుకే వదిలేశా. కారణం రోజూ పేజీ పూర్తి చెయ్యాలనుకోవడం. రాత్రి పదకొండుకు కత్తెర పట్టుకుంటే ఏడుపొస్తుంది.

ఇప్పుడు చేసేది ఇదీ. ఇరవై ఐదు కవర్లు తీసుకుని మీద తారీకులు వేసి డబ్బాలో నిలబెట్టా. రోజూ ఆ రోజు కవర్లో ఏదో ఒక్కటి పడాలి. చాక్లెట్ కాగితం, కూరగాయల చీటీ, ఏదైనా. ఒక చీటీ మీద ఒకే ఒక్క వాక్యం, ఆ రోజే రాయాలి. రెండు నిమిషాల పని. అతికించడం, అలంకరించడం ఆదివారం మధ్యాహ్నం. వస్తువు ఆగుతుంది, వాక్యం ఆగదు. మూడు రోజుల తర్వాత రాస్తే ‘బాగా గడిచింది’ అని తప్ప ఇంకేమీ రాదు.

ఒక్క మాట అడగొచ్చా, మీ ఇంట్లో రాసేది మీరొక్కరేనా? 2022లో మా నాయన పోయినాడు. ఆయన ఫోటోలు నా దగ్గర వెయ్యికి పైనే ఉన్నాయి. చేతిరాత కావాలనిపించింది. ఇల్లంతా వెతికినా. సంతకాలు దొరికినాయి, రాత దొరకలేదు. చివరికి వంటింటి తలుపు వెనక పాత క్యాలెండరు మీద దొరికింది, పాల లెక్క. ‘3న పాలు రాలేదు. 11న అర లీటరు ఎక్కువ.’ ఆ కాగితమే మొదటి ఏడాది ఆల్బమ్‌లో మొదటి పేజీ. క్రిస్మస్‌కీ దానికీ సంబంధం లేదు, మే నెలది.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు అందరూ రాయాల్సిందే. మా తమ్ముడు గొణుక్కుంటూనే రాస్తాడు.


తిక్క ప్రశ్న
నవంబరు 25, ఉదయం 9:15

సరే, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నా.


ముగ్గులపిచ్చి
నవంబరు 25, ఉదయం 11:00

మేము క్రిస్టియన్లం కాదు, అడగొచ్చో లేదో. నాకూ ఇలాంటిది చెయ్యాలని ఉంది, ధనుర్మాసానికి. డిసెంబరు 16న నెలపట్టేది. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే నెల. పాశురాలు ముప్పై, ముగ్గులు ముప్పై, పేజీలు ముప్పై. వాకిట్లో వేసిన ముగ్గును రోజూ చిన్నగా పేజీలో వేస్తే? గొబ్బెమ్మ మీది గుమ్మడిపువ్వు కూడా పెట్టాలని ఉంది.


పాత అట్ట
నవంబరు 25, మధ్యాహ్నం 2:00

ఎందుకు కూడదమ్మా, ఆల్బమ్‌కు మతమేంది. గుమ్మడిపువ్వు పచ్చిది పెట్టొద్దు, బూజు పడుతుంది. టెలిఫోన్ డైరెక్టరీ లాంటి లావు పుస్తకంలో న్యూస్‌పేపరు మధ్య పెట్టి పైన బరువు పెట్టు. రెండు రోజులకోసారి కాగితం మార్చు. నీరంతా పోయినాకే అతికించు. నీకు ముప్పై పేజీలు కావాలి కాబట్టి నాలుగు షీట్లే సరిపోతాయి, రెండే మిగులుతాయి. జాగ్రత్తగా కొయ్యి.


కొర్లగుంట కోడలు
డిసెంబరు 2, రాత్రి 9:30

మొదలైంది. ఆర్భాటంగా అనుకున్నా గానీ ఫెంగల్ తుఫాను నా ఒకటో తారీకును మింగేసింది. ఒకటే వాన. చర్చికి వెళ్ళామో లేదో అన్నట్టు తిరిగొచ్చాం. పిల్లలకు గొల్లల వేషాల ప్రాక్టీసు ఉండాల్సింది, జరగలేదు. సాయంత్రం కరెంటు పోయింది. అత్తమ్మ కిటికీ దగ్గర నిలబడి వీధిలో నీళ్ళు ఎంత ఎక్కాయో చూస్తూనే ఉంది. రేకుపెట్టె ఈసారి అటక మీదే ఉందని రెండుసార్లు చెప్పా.

నర్సు చెల్లి చెప్పినట్టు కవర్లు పెట్టా. ఒకటో కవర్లో పడింది ఏమిటంటే, కొవ్వొత్తి మైనం చుక్క ఆరిన న్యూస్‌పేపరు ముక్క. కొవ్వొత్తి అడ్వెంట్‌ది కాదు, కరెంటు పోయినప్పటిది.

ఇంట్లో వాక్యాలు ఇవి. పాప, ఆరేళ్ళు: ‘వాన వాన వాన కప్ప వచ్చింది.’ బాబు, పదకొండు: ‘అమ్మ బలవంతం మీద రాస్తున్నాను.’ మా ఆయన: ‘స్టారుకి బల్బు 60, వైరు 45.’ అత్తమ్మ రాయనంది. ‘నా రాత కోడి కెలికినట్టుంటుంది, మీరు రాసుకోండి’ అంది.


నిద్రలేని నర్సు
డిసెంబరు 3, ఉదయం 8:10

మీ ఆయన వాక్యం బంగారం అక్కా. ఇరవై ఏళ్ళ తర్వాత బల్బు ధర చదివే నవ్వుకుంటారు. అత్తమ్మను బలవంతం చెయ్యకండి. పెన్ను మాత్రం దగ్గర్లో పెట్టండి.


మిట్టూరు పిల్ల
డిసెంబరు 9, రాత్రి 10:15

నేను అయిదో రోజు నుంచి బోర్లా పడ్డాను. నాలుగు కవర్లు ఖాళీ. వదిలెయ్యనా?


నిద్రలేని నర్సు
డిసెంబరు 10, ఉదయం 7:00

ఖాళీ కవర్లను ఖాళీగానే అతికించు. పోయినేడు నా 13, 14, 15 అలాగే ఉన్నాయి. మూడు రోజులూ డబుల్ డ్యూటీ. కవరు మీద అదే రాశా.


ముగ్గులపిచ్చి
డిసెంబరు 17, ఉదయం 6:40

మొదలుపెట్టానోచ్! ముగ్గుపిండిని గమ్ము మీద చల్లి పేజీ మీద ముగ్గు వేద్దామని చూశా. ఆరాక దులిపితే సగం రాలిపోయింది. ఇక తెల్ల జెల్ పెన్నూ, నల్ల కాగితమూ. పైకి లేచిన పిండిలో కొంత కాఫీలో పడింది, మా ఆయనకు చెప్పలేదు.


కొర్లగుంట కోడలు
డిసెంబరు 18, రాత్రి 11:20

మా ఇంట్లో కూడా ఘనకార్యం జరిగింది. ఆదివారం గులాబీ పువ్వులు వండాం. పాప ఒక పువ్వును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చుట్టూ గమ్ము పూసి, పదిహేనో పేజీకి అతికించేసింది. ఎవరూ చూడలేదు. నిన్న డబ్బా తెరిస్తే చీమలు వరుసగట్టి క్రిస్మస్ చేసుకుంటున్నాయి. పేజీ మీద నూనె మరక, అరచేయంత. పాప ఒకటే ఏడుపు.

అప్పుడు అత్తమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి అచ్చు తెచ్చింది. ఇత్తడిది, పొడుగు కాడ ఉంటుంది. ఆమె అమ్మది. వరదలో అది కూడా మునిగింది, కానీ ఇత్తడికేం. వేడినీళ్ళతో కడిగి తుడిచి, అచ్చును బోర్లా పెట్టి, మీద పల్చటి కాగితం పరిచి, పాప చేతికి ఎర్ర క్రేయాన్ ఇచ్చి ‘రుద్దు’ అంది. రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి చిన్నప్పుడు పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, అలాగే. ముందు ఒక రేకు తేలింది, తర్వాత ఇంకోటి, చివరికి పువ్వు మొత్తం. ఒక రేకు దగ్గర చిన్న విరుపు ఉంది. ఇన్నేళ్ళుగా ఆ అచ్చుతో వండుతున్నా, నేనెప్పుడూ గమనించలేదు. అత్తమ్మకు తెలుసు. వాళ్ళ చెల్లెలు బావిగట్టు మీద పడేసిందట.

మరక పేజీ తియ్యలేదు. మరక చుట్టూ పెన్సిల్‌తో గీసి ‘నూనె’ అని రాశాం. పక్కన ఈ ఎర్ర పువ్వు.


పలమనేరు టీచరమ్మ
డిసెంబరు 19, ఉదయం 10:00

ఆ పక్కన వండే విధానం కూడా రాయండి. కొలతలు అత్తమ్మ చెప్పినట్టే, కప్పుల్లోకి మార్చకండి. ఆమె ‘సోల’ అంటే సోల అనే రాయండి.


ల్యాబ్ అన్న
డిసెంబరు 19, రాత్రి 8:30

అక్కా, ఆ ఏడు ఫోటోల సంగతి అడుగుదామనుకుంటున్నా. మిగతా ఇటుకలు పారేశారా, ఉన్నాయా?


కొర్లగుంట కోడలు
డిసెంబరు 19, రాత్రి 9:00

ఉన్నాయి. పారెయ్యడానికి చేతులు రాలేదు.


ల్యాబ్ అన్న
డిసెంబరు 19, రాత్రి 9:45

అయితే వినండి. పాతకాలం ల్యాబు ప్రింట్లు నీళ్ళలోనే కడిగి తీసేవి. వాటి మీది పొర తడిస్తే మెత్తబడుతుంది, ఎండితే పక్క ఫోటోకు అంటుకుంటుంది. తడిగా ఉన్నప్పుడే విడదీసి, శుభ్రమైన చన్నీళ్ళలో కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టి ఉంటే చాలా మిగిలేవి. ఎండలో పెట్టడం దగ్గరే పొరపాటైంది, అందరూ చేసేదే. ఇప్పుడు కూడా ఒక ప్రయత్నం ఉంది. ముందు పైకి కనబడేవాటిని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత అంతగా ముఖ్యం కాని ఒక ముద్దను పళ్ళెంలో మామూలు నీళ్ళలో పెట్టి అరగంట చూడండి. వాటంతట అవి వదిలితే సరి, గోరుతో పీకొద్దు. అట్టపేజీకి అంటుకున్నవాటికి పళ్ళ సందుల్లో వాడే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో కిందినుంచి రంపంలాగా లాగండి. అద్దానికి అంటుకున్నది ఉంటే అస్సలు ముట్టుకోకండి, అద్దంతో సహా స్కాన్ చేద్దాం.

అన్నీ వస్తాయని చెప్పను. తొందరపడి క్రిస్మస్ ముందు చెయ్యకండి.


నిద్రలేని నర్సు
డిసెంబరు 25, తెల్లవారుజామున 4:50

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. ఈ ఏడు కూడా డ్యూటీయే. 24వ కవర్లో వార్డులో పేషెంటు అవ్వ ఇచ్చిన కమలాపండు తొక్క. ఆరబెట్టాలి.


కొర్లగుంట కోడలు
డిసెంబరు 27, రాత్రి 10:00

అయిపోయింది! ఇరవై ఐదు పేజీలు, రెండు చెడినవి, ఒకటి నూనెది.

ఇరవై రెండో పేజీ చెప్పాలి. శనివారం రాత్రి పదకొండున్నరకు చర్చి యూత్ క్యారల్స్‌కి వచ్చారు, డప్పు, గిటారు, దూది గడ్డం క్రిస్మస్ తాత. పాప నిద్రలో లేచి తాతను చూసి మంచం కింద దూరింది. పాటలయ్యాక టీ తాగి వెళ్ళేసరికి ఒంటిగంట. మళ్ళీ కళ్ళు మూసుకున్నామో లేదో గుడి మైకులో తిరుప్పావై. బాబు ఆ రోజు చీటీలో రాసింది: ‘మా వీధిలో దేవుళ్ళెవరూ నిద్రపోనివ్వలేదు.’ చర్చిలో చూపించాలా వద్దా అని మా ఆయన, నేను అరగంట వాదించుకున్నాం. ఉంచేశాం.

ఇరవై ఐదున మాత్రం ఒక్క ఫోటో లేదు. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి చర్చికి వెళ్ళిపోయా. ఆ పేజీ నిండా చీటీలే. చుట్టాలందరి చేతా రాయించా. చిన్నాయన ‘బిర్యానీలో ఉప్పు తక్కువ’ అని రాశాడు. వండింది నేనే.

పెద్దాయనా, గార్డులు అరవైలో నలభై ఒకటి పట్టాయి. పుస్తకం నోరు తెరవలేదు.


పాత అట్ట
డిసెంబరు 28, ఉదయం 6:05

మంచిది తల్లీ. నిలబెట్టొద్దు, పడుకోబెట్టు. కలరా ఉండలు ఆల్బమ్‌కు తగిలేలా పెట్టొద్దు. ఇంకొక మాట, కింది అలమరలో అస్సలు వద్దు.


మిట్టూరు పిల్ల
డిసెంబరు 28, ఉదయం 9:30

నావి పద్నాలుగు పేజీలు, పదకొండు ఖాళీ కవర్లు. ఒక్క మంచు మనిషిని కూడా వాడలేదు, మీ మాట విని.


కొర్లగుంట కోడలు
2025 జనవరి 2, రాత్రి 9:15

ఒక సందేహం. మొన్న 31 రాత్రి చర్చిలో వాచ్‌నైట్ సర్వీసు నుంచి వచ్చాక అత్తమ్మ ఆల్బమ్ మంచం మీద పెట్టుకుని కూర్చుంది. చర్చిలో తీసిన వాగ్దానం కార్డును (కొత్త ఏడాదికని తీసే బైబిలు వాక్యం చీటీ) చివరి పేజీలో పెట్టుకుంటుందేమో అనుకున్నా. నేను పడుకున్నా. పొద్దున చూస్తే పదిహేనో పేజీలో నేను రాసిన గులాబీ పువ్వుల కొలతలు కొట్టేసి ఉన్నాయి. బాబు స్కూలు పెన్ను, ఎర్రది. నేను ‘సోల బియ్యప్పిండి, సోల మైదా’ అని రాశా. దాని మీద అడ్డగీత. కింద పెద్ద పెద్ద అక్షరాలతో, గీత పైకీ కిందికీ పోతూ: ‘మైదా అర్ధ సోల. నువ్వులు మరిచినావు. అచ్చు నూనెలో బాగా కాగినాకే పిండిలో ముంచాల. ముప్పాతిక దాకానే ముంచాల, మునిగితే పువ్వు ఊడి రాదు.’ ఆ కింద ఆమె పేరు, తారీకు కూడా వేసింది.

అడగాల్సింది ఇదీ. అది జెల్ పెన్ను, సిరా ఇంకా జిగటగా ఉంది. ఎదురు పేజీలో ఫోటోకు అంటుకుంటుందేమోనని భయం. వేరే కాగితం మీద రాయించి అతికించనా?


పాత అట్ట
జనవరి 3, ఉదయం 6:10

ఆ పేజీని ముట్టుకోవద్దు. రెండు రోజులు ట్యాగు విప్పి విడిగా ఆరనివ్వు. ఆరినాక మధ్యలో బటర్ పేపరు ఒకటి పెట్టి మళ్ళీ కట్టు. గార్డు ఇంకొకటి ఎక్కించు, నీ దగ్గర పంతొమ్మిది మిగిలినాయి కదా.